పాప వద్దనలేదు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. నేను రెండూ చేయలేదు. ఇళ్ళ మీద పీహెచ్‌డీ చేశాను. సొంతిల్లు లేనివాళ్ళు ఇళ్ళ గురించి ఎంతసేపైనా మాట్లాడగలరు. ఆ పోటీ పెడితే మొదటి బహుమతి నాకే వస్తుంది.

నా పేరు నవనీత. మాది వాల్మీకిపురం. కుప్పంలో ఒక చిన్న పరిశోధన కేంద్రంలో నాలుగేళ్ళు పనిచేశాను. నేను ఎంచుకున్న విషయం భోగ్యం. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఇంటి ఓనరుకు ఐదో ఆరో లక్షలు ఒకేసారి ఇచ్చి ఆ ఇంట్లో మూడేళ్ళు ఉంటారు. మీరు బాడుగ కట్టరు, ఆయన వడ్డీ ఇవ్వడు. గడువు తీరాక ఇల్లు ఖాళీ చేస్తే మీ డబ్బు మీకు వస్తుంది. బెంగుళూరులో దీన్ని లీజు అంటారు, తమిళం వైపు ఒత్తి అంటారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు ఊళ్ళలోనూ బ్యాంకు గడప తొక్కని కుటుంబాలు చాలా ఇలాగే ఉంటాయి. బాడుగ కడితే డబ్బు నీళ్ళలో పోసినట్టు, భోగ్యంలో పెడితే దాచుకున్నట్టు అని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకానికి ఇంగ్లీషులో పేరు పెట్టడానికి నాకు ఏడు నెలలు పట్టింది. పేరు పెట్టాక నాకు స్కాలర్‌షిప్ వచ్చింది.

మూడు ఊళ్ళలో కలిపి నూట పద్నాలుగు ఇళ్ళు తిరిగాను. పుంగనూరులో నేను కలిసిన పదిహేడో మనిషి మునీశ్వరి. బస్టాండు వెనక వీధిలో మేడ ఇల్లు, కింద వాటా. ముందు గదిలో దోసెలు పోసి అమ్ముతుంది, వెనక గదుల్లో కాపురం. యాభై దగ్గర పడిన మనిషి, నడుముకు బెల్టు కట్టుకుని పెనం ముందు నిలబడి ఉంది.

"ఏం పాపా, సర్వేనా? గవర్నమెంటోళ్ళా?"

"కాదు మా. సదువుకుంటాండా. భోగ్యం ఇండ్ల మీద."

"ఇండ్ల మీద గూడా సదువుండాదా?"

"ఉండాది మా."

"అయితే కూసో. దోసె తిని అడుగు. కడుపు కాలేవాళ్ళకు నేను జవాబు చెప్పను."

చెనక్కాయల ఊరిబిండితో రెండు దోసెలు తిన్నాను. డబ్బిస్తే తీసుకోలేదు. తర్వాత నా కాగితాలు తీసి నాలుగో ప్రశ్న అడిగాను. కుటుంబంలో ఎంతమంది?

"ఇద్దరమే పాపా. గొర్లుండేటప్పుడైతే అరవై రెండు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. పిల్లలు లేరని, సోమల దగ్గర పల్లెలో గొర్రెలు మేపుకునేవాళ్ళమని, మంద వెంట తిరిగి తిరిగి తన నడుము పోయిందని, బోరు ఎండిపోయిందని చెప్పింది. మంద మొత్తం అమ్మి ఆరు లక్షలు తెచ్చి ఈ ఇంటికి భోగ్యం పెట్టారు. గోడ మీద అరచెయ్యి పెట్టి చూపించింది.

"మా గొర్లన్నీ ఈ గోడల్లోనే ఉండాయి."

ఆ మాట రాసుకున్నాను. రాసుకుంటున్నప్పుడు మంచి మాట దొరికిందని నాకు సంతోషం వేసింది. ఆ సంతోషం గురించి ఇప్పుడు సిగ్గుగా ఉంది, అయినా వేసిన మాట నిజం.

ఆమె భర్త యల్లప్ప. పట్నం ఆయనకు పడలేదు. అలవాటు కొద్దీ తెల్లవారకముందే లేచేవాడు, లేచి చేయడానికి ఏమీ ఉండేది కాదు. బైపాసులో ఎవరిదో మంద పోతుంటే నిలబడి చూసి వచ్చేవాడు. వచ్చి గుమ్మంలో కూర్చుని "ఎనబై మూడు" అనేవాడు. అంతే. కంటితో లెక్కపెట్టడంలో ఆయన తప్పడని మునీశ్వరి చెప్పేది. ఆలుమగలిద్దరికీ ఒక ఒప్పందం ఉంది. మూడేళ్ళు ఆమె మాట ప్రకారం పట్నంలో ఉండాలి. గడువు తీరాక ఆయన మాట ప్రకారం ఆరు లక్షలూ తీసుకుని మళ్ళీ మంద కొనాలి. ఆ ఒక్క దినం కోసమే ఆయన గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

సర్వే అయిపోయినా నేను ఆ ఇంటికి పోతూనే ఉన్నాను. కుప్పం నుంచి పుంగనూరు పోవాలంటే పలమనేరులో బస్సు మారాలి, మూడు గంటలు పడుతుంది. ఏదో ఒక సాకు చెప్పి పోయేదాన్ని. మా అమ్మ పోయి అప్పటికి రెండేళ్ళు. తల దువ్వుకోలేదని నన్ను తిట్టే మనిషి ఈ లోకంలో మునీశ్వరి ఒక్కతే మిగిలింది. "సదువు ఎక్కువైతే దువ్వెన మర్సిపోతారా పాపా" అని నూనె సీసా తెచ్చేది. నేను బుద్ధిగా ఆమె ముందు కూర్చునేదాన్ని.

భోగ్యం ఇళ్ళ సంగతి ఒక పక్క మాత్రమే తెలిస్తే పరిశోధన కాదు, అప్పిచ్చేవాళ్ళ పక్క కూడా చూడాలని మా గైడు పురుషోత్తం సార్ అన్నారు. మదనపల్లెలో ఒక హౌసింగ్ ఫైనాన్స్ ఆఫీసు చుట్టూ ఐదు నెలలు తిరిగాను. చివరికి అక్కడి మేనేజరు మహేష్ దయతలచాడు. ఇంటి లోను తీసుకుని నెలనెలా కంతులు కట్టని వాళ్ళ జాబితా ఇచ్చాడు. పేర్లు తీసేసి, ఇంటి నెంబర్లు మాత్రం ఉంచాడు. దానికి ముందు ఒక కాగితం మీద నా చేత సంతకం పెట్టించుకున్నాడు. ఏ ఇంటి సంగతీ ఎవరికీ, ఆ ఇంట్లో ఉన్నవాళ్ళకు కూడా చెప్పను అని. "మాట పోతే నా ఉద్యోగం పోతాది మేడమ్" అన్నాడు. నేను గంభీరంగా తల ఊపాను. అప్పుడు నాకు ఆ కాగితం తాళంచెవిలా కనిపించింది.

శివరాత్రికి ముందు వారం, కుప్పంలో నా గదిలో కూర్చుని రెండు జాబితాలు పక్కపక్కన పెట్టాను. భోగ్యంలో ఉన్న నూట పద్నాలుగు ఇళ్ళలో పందొమ్మిది ఈ జాబితాలో కూడా ఉన్నాయి. అంటే ఓనరు అదే ఇంటిని ఒక పక్క ఫైనాన్సు కంపెనీకి తాకట్టు పెట్టి, ఇంకో పక్క భోగ్యానికి ఇచ్చాడు. భోగ్యం డబ్బుతో కొన్నాళ్ళు కంతులు కట్టాడు. అది అయిపోయాక ఆపేశాడు. ఇల్లు వేలానికి వస్తే కంపెనీకి తన డబ్బు వస్తుంది. భోగ్యం పెట్టినవాళ్ళ చేతిలో వంద రూపాయల స్టాంపు కాగితం ఉంటుంది. ఆ కాగితం రిజిస్టరు కాదు, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఓనరు మన వైపు మనిషే అయినప్పుడు ఇంటి మీద అప్పుందా అని రిజిస్ట్రారు ఆఫీసుకు పోయి వెతికితే ఆయన్ను దొంగ అన్నట్టే అని మా వాళ్ళు వెతకరు. మర్యాద అనుకుంటారు.

పందొమ్మిదిలో పదకొండో వరుసలో మునీశ్వరి ఇంటి నెంబరు ఉంది. ఐదు నెలలుగా కంతు పడలేదు.

నెంబరు తప్పేమోనని మూడుసార్లు చూశాను. తప్పు కాదు.

పురుషోత్తం సార్ మంచివాడు. ఆ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే మీరు ఆయన మీద పడతారు. పందొమ్మిది అనగానే ఆయన కళ్ళు మెరిశాయి. "నవనీతా, ఇదమ్మా ఫైండింగ్ అంటే" అన్నారు. నేను మునీశ్వరి సంగతి చెప్పాను. ఆయన అద్దాలు తీసి చాలాసేపు తుడిచారు.

"సంతకం పెట్టినావు కదమ్మా."

"పెట్టినా సార్."

"ఒకరికి చెప్తే పందొమ్మిది మందికీ చెప్పల్ల. చెప్తే ఆ మహేష్ ఉద్యోగం పోతాది. మళ్ళా ఏ బ్యాంకూ ఏ స్టూడెంటుకూ ఒక కాగితం ఇయ్యదు."

"ఆయమ్మ పోతాది సార్."

"ఆయమ్మకు చెప్తే ఆయమ్మ బయట పడతాది. ఓనరు ఆ దుడ్డు ఎవరి దగ్గర తెచ్చి ఇస్తాడు? ఇంకొకరిని భోగ్యానికి దించుతాడు. నువ్వు నష్టాన్ని ఆపేది లేదు నవనీతా. చోటు మారుస్తావు, అంతే."

ఆ వాదన నాకు భలే నచ్చింది. నచ్చింది అని ఎందుకంటున్నానంటే, దాన్ని పట్టుకుని నేను మూడు నెలలు హాయిగా నిద్రపోయాను. వాదనలో తప్పు లేదు. ఈరోజు ఎవరైనా అడిగినా తప్పు చూపించలేను. ఆయన అన్నది ఇళ్ళ లెక్కలో నిజం. మునీశ్వరి నా తలకు నూనె పెట్టిన సంగతి ఆ లెక్కలో లేదు.

మే నెలలో ఆమె ఫోన్ చేసింది. వెంటనే రమ్మంది. పొద్దున బస్సుకు పోయాను.

దోసెలు ముందుగానే ముగించి పెనం కడిగి పెట్టింది. యల్లప్ప గుమ్మంలో కాకుండా గదిలో చాప మీద కూర్చుని ఉన్నాడు. తెల్లపంచె కట్టుకున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నాకంటే ముప్పై ఏళ్ళు పెద్దవాడు, నేను వస్తే లేవడం నాకెప్పుడూ ఇబ్బందిగా ఉండేది.

"ఓనరు జయచంద్ర వచ్చి పోయినాడు పాపా" అంది మునీశ్వరి. జయచంద్రది మదనపల్లెలో టమోటా మండీ. ఆమెను అక్కా అని పిలుస్తాడు, వస్తే దోసె తినకుండా పోడు. "గడువు తీరె కదా. ఇంగ రెండు లచ్చలు వేసి ఇంగో మూడేండ్లు ఉండమంటాడు. లేదంటే సోమల నుంచి ఒగ పార్టీ ఉండాదంట. వాళ్ళ దుడ్డు తీసుకోని నెలలో మా ఆరు లచ్చలు మాకిచ్చేస్తాడంట."

"ఇచ్చేస్తా అంటాడు కదా, తీసుకుందాం అంటాండా నేను" అన్నాడు యల్లప్ప.

"ఈయప్ప గొర్లంటాడు. నేను ఉందామంటా. అంగడి ఇప్పుడిప్పుడే నిలబడింది పాపా. నా నడుముకు ఇంగ మంద యెనక తిరిగేకి కాదు. రెండు దినాలుగా ఇదే పోరు. నువ్వు ఇన్నేండ్లుగా దీన్నే సదువుతాండావు కదా. నువ్వు యాది చెప్తే అది అనుకున్యాము."

ఇద్దరూ నా ముఖం వైపు చూస్తున్నారు. ఆ గదిలో ఏ మాట అనాలో నాకు తెలుసు. తీసుకోండి అనే ఒక్క మాట. ఎందుకు అని వాళ్ళు అడిగేవాళ్ళు కూడా కాదు. కారణం చెప్పనక్కర్లేదు, సంతకం చెరిగిపోనక్కర్లేదు, మహేష్ ఉద్యోగానికి ఏమీ కాదు. ఇది నాకు తర్వాత తట్టింది అని చెబితే బాగుంటుంది. తర్వాత కాదు, అప్పుడే తట్టింది. కానీ సోమల పార్టీ అనే మాట వినపడగానే సార్ అన్న మాట గుర్తొచ్చింది. వాళ్ళెవరో, వాళ్ళు ఏమి అమ్ముకుని వస్తున్నారో. దాంతో పాటు ఇంకొకటి కూడా ఉంది. పందొమ్మిది ఇళ్ళలో ఏ ఇల్లు ఏమవుతుందో చూసి రాయడమే నా ఆఖరి అధ్యాయం. చూసేవాళ్ళు చెయ్యి పెట్టకూడదు. చెయ్యి పెడితే లెక్క చెడిపోతుంది.

"నేను చెప్పకూడదు మా" అన్నాను. "మా సదువులో ఒక రూలు ఉండాది. మీకు యాది బాగనిపిస్తే అది చేయండి."

"వద్దంటే వద్దను పాపా. నీ మీద మాకేం కోపం రాదు."

నేను వద్దనలేదు.

మా వైపు ఒక అలవాటు ఉంది. సంబంధం కుదుర్చుకునేటప్పుడో, పొలం కొనేటప్పుడో తెలిసిన పెద్దమనిషిని అడుగుతారు. ఆయన బాగుంది అని నోటితో అనడు. రేపు చెడితే మాట మిగులుతుందని భయం. బాగాలేకపోతే మాత్రం వద్దు అంటాడు. బాగుంటే ఏమీ అనకుండా ఇచ్చిన నీళ్ళు తాగి లేస్తాడు. మౌనం అర్ధాంగీకారం అని పుస్తకాల్లో ఉంది. మా వైపు అది నిండు అంగీకారం. నేను ఆ వైపు పుట్టిన దాన్నే. చిన్నప్పుడు మా నాయిన అలా నీళ్ళు తాగి లేవడం పదిసార్లు చూసి ఉంటాను.

మునీశ్వరి చెంబుతో నీళ్ళు ఇచ్చింది. ఎండలో వచ్చాను, గొంతు ఎండిపోయి ఉంది. తాగి లేచాను.

ఆమె మొగుడి వైపు తిరిగింది. "సూడు. పాప వద్దనలేదు."

యల్లప్ప చాప అంచు సర్దాడు. తర్వాత "సరేలే" అన్నాడు. ఆయన ఎదురు చూసిన దినం ఆ మాటతో అయిపోయింది.

పలమనేరులో మారి ఎక్కిన కుప్పం బస్సు పది నిమిషాలు ఆగింది. పక్కనే పుంగనూరు బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. కండక్టరు పుంగనూరు, పుంగనూరు అని అరుస్తున్నాడు. దిగుదామా అనుకున్నాను. ఒళ్ళో ఉన్న బ్యాగు పట్టీ కూడా పట్టుకున్నాను. నా బస్సు కదిలింది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని కుప్పం చేరాను.

చీటీ పాడిన డబ్బు, మెడలో గొలుసు అమ్మిన డబ్బు కలిపి ఆమె రెండు లక్షలు కట్టింది. కొత్త స్టాంపు కాగితం ఫొటో తీసి నాకు పంపింది. చూడు పాపా, సరిగ్గా రాసినారా అని. సరిగ్గానే రాశారని జవాబిచ్చాను.

జనవరిలో మళ్ళీ ఫోన్.

"పాపా, గోడకు యాదో కాగితం అంటించి పోయినారు. మనిషి ఏం అడిగినా చెప్పలేదు. ఫొటో పంపిస్తాండా. సదివి చెప్పు."

ఫొటో వచ్చింది. చదవాల్సిన పని లేదు, అందులో ఏముందో పదకొండు నెలల కిందటే నాకు తెలుసు. అయినా చదివాను. ఇల్లు స్వాధీనం చేసుకుంటున్నామని, ఇంత తేదీలోపల ఖాళీ చేయాలని, తర్వాత వేలం వేస్తామని. ఒక్కో వాక్యం తెలుగులోకి మార్చి ఫోన్‌లో చెప్పాను. అంతా అయ్యాక ఆమె, "అంటే మా దుడ్డు?" అంది.

నేను వస్తాండాను మా అన్నాను. అదొక్కటే చేతనయింది.

ఆ రెండు నెలలూ తిరగని చోటు లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో పీహెచ్‌డీ చేసినంత శ్రద్ధగా నేర్చుకున్నాను. వకీలు కాగితం చూసి, రిజిస్టరు కాలేదు, ఓనరు మీద కేసు వేసుకోవచ్చు, ఏళ్ళు పడుతుంది అన్నాడు. మండీకి తాళం వేసి ఉంది. రెండు సీజన్లు ధర పడిపోయి జయచంద్ర మునిగిపోయాడని, పెళ్ళాం వాళ్ళ ఊరికి పోయాడని పక్క మండీవాళ్ళు చెప్పారు. అతన్ని మనసారా తిట్టుకుందామంటే నాకు నోరు రాలేదు. అతను తెలిసీ చెప్పలేదు. నేనూ తెలిసీ చెప్పలేదు. కాకపోతే నేను చేసినదానికి ఒక మంచి పేరు ఉంది, ఎథిక్స్ అంటారు.

మార్చిలో ఇల్లు ఖాళీ చేయించారు. వచ్చినవాళ్ళు దురుసుగా ఏమీ మాట్లాడలేదు, సామాను తీసుకోవడానికి మధ్యాహ్నం దాకా ఆగారు. నేను గిన్నెలు మోశాను. యల్లప్ప మూటలు కట్టాడు. ఆయన నన్ను ఏమీ అనలేదు, ఆమెనూ ఏమీ అనలేదు. గోడలు చూసి ఏడుస్తాడేమో అని భయపడ్డాను. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు తేలికగా ఉండేది.

జూన్‌లో నా వైవా అయింది. బయటి నుంచి వచ్చిన ఇద్దరు ప్రొఫెసర్లూ, మా సారూ పందొమ్మిది ఇళ్ళ అధ్యాయాన్ని తెగ మెచ్చుకున్నారు. ఇంత దగ్గరగా చూసి రాసిన పని ఈ మధ్య రాలేదన్నారు. అందరికీ బాదుషా పంచారు. నేను రెండు తిన్నాను.

ఆషాఢంలో మునీశ్వరిని వెతుక్కుంటూ మదనపల్లె పోయాను. టమోటా మార్కెట్లో కాయలు ఏరే పనికి పోతోందని తెలిసింది. ఆ పెద్ద షెడ్డులో పాతికమంది ఆడవాళ్ళు కుప్పల ముందు కూర్చుని పండువి ఒక పక్క, దోరవి ఒక పక్క, పగిలినవి ఒక పక్క వేస్తున్నారు. నడుముకు బెల్టు చూసి గుర్తుపట్టాను. సగానికి సగం అయిపోయింది.

నన్ను చూసి ముఖమంతా నవ్వు చేసుకుంది. మేస్త్రీని అడిగి లేచి వచ్చి, ఖాళీ బాక్సులు బోర్లించి ఒకదాని మీద నన్ను కూర్చోబెట్టి ఇంకోదాని మీద తాను కూర్చుంది.

"నీ పుస్తకం అయిపోయిందా పాపా?"

"అయిపోయింది మా."

"పాసేనా?"

"పాసు."

టమోటా రసం అంటిన చేతిని కొంగుకు తుడుచుకుని నా తల మీద పెట్టింది. "డాక్టరమ్మ అయిపోతివి. దువ్వుకోలేదు సూడు మళ్ళా."

యల్లప్ప ఎక్కడ అని అడిగాను. సోమల అవతల ఎవరిదో మందకు కాపలాకు కుదిరాడట, నెలకు ఇంత అని జీతం. "పరుల గొర్లు. అయినా వాటి మధ్యన ఉండాడు కదా, అదే మేలు" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు మొగం సిన్నబుచ్చుకోవద్దు. తప్పు నాదే. ఆయప్ప తీసుకుందామనే అన్యాడు. పాప వద్దనలేదు అని నేనే ఆయప్ప నోరు మూయించితి. నీకేం తెలుసు పాపా. నువ్వు పుస్తకాల్లో ఉండేదానివి. తెలిసింటే నువ్వు చెప్పకుండా ఉండేదానివా?"

ఆ మాట అనకుండా ఉంటే నేను చెప్పకుండానే లేచి వచ్చేదాన్నేమో. అంత పిరికిదాన్ని. ఆమె అంత నమ్మకంగా అన్నాక నోట్లో ఉన్నది ఇక నిలవలేదు.

"నాకు తెలుసు మా" అన్నాను.

"యాది?"

"ఆ ఇంటి మీద అప్పుండేది. కంతులు కట్టలేదని. నాకు తెలుసు."

ఆమె చెయ్యి తీయలేదు. నేను చెప్పినది లోపలికి పోలేదనుకుంటాను.

"ఎప్పుడు తెలిసె?"

"శివరాత్రికి ముందర."

"నేను నిన్ను పిలిపించి అడిగింది?"

"మే నెలలో మా."

వేళ్ళ మీద నెలలు ఎంచుకుంది. అందుకోసం చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్ళీ పెట్టలేదు.

"యాల చెప్పలేదు?"

సంతకం సంగతి చెప్పాను. మహేష్ ఉద్యోగం సంగతి, సోమల పార్టీ సంగతి, చోటు మారుతుందని సార్ అన్న సంగతి చెప్పాను. చెబుతున్నకొద్దీ ఒక్కో మాటా నా చెవికే డొల్లగా వినిపించింది. ఆమె శ్రద్ధగా వింది. నా మాట ఆమె ఎప్పుడూ శ్రద్ధగానే వినేది.

"అయితే ఎవురికీ చెప్పలేదా నువ్వు?"

"పుస్తకంలో రాసినాను. నీ పేరు లేకుండా."

"ఆ పుస్తకం ఎవురు సదివిరి?"

"మా సారు. ఇంకా ఇద్దరు ప్రొఫెసర్లు."

"ముగ్గురు."

"ముగ్గురే మా."

"వాళ్ళ ఇండ్లు భోగ్యంలో ఉండాయా?"

"లేదు మా. సొంత ఇండ్లు."

ఆమె నన్నే చూస్తూ ఉంది. కోపం లేదు. అర్థం కాని లెక్కను ఇంకోసారి అడిగినట్టు, మెల్లగా అడిగింది.

"అయితే వాళ్ళకు యాల పాపా ఆ మాట?"

వైవాలో ముగ్గురూ కలిసి నన్ను గంటన్నర అడిగారు. ఈ ప్రశ్న వాళ్ళకు తట్టలేదు, నాలుగేళ్ళలో నాకూ తట్టలేదు. క్షమించు అనే మాట మా ఇళ్ళలో నోటితో చెప్పే అలవాటు లేదు, ఆమె కాళ్ళ దగ్గరికి వంగాను. అప్పటికే ఆమె లేచింది. నడుము పట్టుకుని మెల్లగా నడిచి తన కుప్ప ముందు పోయి కూర్చుంది. కాయలు ఏరడం మొదలుపెట్టింది.

నేను అక్కడే నిలబడ్డాను. పిలుస్తుందేమో అని. ఐదు నిమిషాలో, పదో. లారీకి ఎత్తే బాక్సులకు నేను అడ్డంగా ఉన్నట్టున్నాను. మేస్త్రీ వెంకటప్ప నన్ను ఒకసారి చూసి ఆమెను అడిగాడు.

"ఎవరమ్మా ఆయమ్మ? నీ మనిషా?"

మునీశ్వరి తల ఎత్తలేదు. పగిలిన కాయ ఒకటి పక్కన వేసింది.

"కాదప్పా" అంది. "యాదో రాసుకునేకి వచ్చిండాది."